రీల్స్ సంగతి తర్వాత, ముందు కొలతల పుస్తకం తీయండి

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్‌లో కొత్తపేట. ఇంటి కింద షట్టర్‌లో పదకొండేళ్ళుగా మగ్గం వర్క్ బ్లౌజుల దుకాణం నడుపుతున్నాను. మగ్గం పని చేసే ఇద్దరు కారీగర్లు, ఒక కటింగ్ మాస్టర్ ఉన్నారు. కరోనా తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాం. ఇంటర్ చదివే మా అక్క కొడుకు దాన్ని చూసుకుంటాడు. మొదట్లో ఒక్కో రీల్‌కు వేలల్లో వ్యూస్ వచ్చేవి, ఇప్పుడు మూడు వందలు దాటడం లేదు. ఒకరు హ్యాష్‌ట్యాగులు బోలెడు పెట్టమంటారు, ఇంకొకరు అన్నీ తీసేయమంటారు. రోజుకో రీల్ అంటారు, ఏఐతో చేయమంటారు. రాత్రి ఒంటిగంట దాకా ఆ టిప్స్ వీడియోలే చూస్తున్నాను. పొద్దున లేచేసరికి ఇంకేదో మారిందంటారు. మా గల్లీ చివర కొత్తగా పెట్టిన బొటిక్‌కు నలభై వేల మంది ఫాలోవర్లున్నారు. అమీర్‌పేటలో కోర్సు 35 వేలట. ఒక ఏజెన్సీ వాళ్ళు నెలకు 18 వేలు అడుగుతున్నారు. రెండింట్లో ఏది మంచిది? ఇవన్నీ అందుకోలేక వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

సమాధానం: రెండూ వద్దు. కనీసం ఈ నెలకు వద్దు. ఈ నెల మీరు చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. మీ కొలతల పుస్తకం తీసి, చెస్ట్, షోల్డర్, చేతి పొడవు రాసుకునే గళ్ళ పక్కన ఇంకో నిలువు గీత గీయండి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ‘మా దుకాణం గురించి ఎవరు చెప్పారమ్మా?’ అని అడిగి, వాళ్ళు చెప్పింది ఆ గడిలో రాయండి. పోయిన రెండు మూడు నెలల్లో వచ్చినవాళ్ళను ట్రయల్‌కు వచ్చినప్పుడు అడగండి. మన ఆడవాళ్ళు ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పరు. తోడికోడలు చీర కట్టుకొస్తే చూశాననో, ఎదురింటావిడ పెళ్ళి ఫోటోల్లో కనబడిందనో మొత్తం కథ చెబుతారు. ఆ కథే మీకు కావాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. చిక్కడపల్లిలో నాకు చీరల కొట్టు ఉన్న రోజుల్లో, నా బేరమంతా ఫేస్‌బుక్ పేజీ వల్లే నడుస్తోందని నేను గట్టిగా నమ్మేదాన్ని. పేజీకి ఫోటోలు తీయడానికే వారంలో ఒక రోజు పోయేది. మా వారికి నమ్మకం లేక బిల్లు పుస్తకం వెనక గీతలు పెట్టడం మొదలుపెట్టారు. రెండు నెలల తర్వాత చూస్తే పేజీ చూసి వచ్చినవాళ్ళు చేతివేళ్ళకు సరిపోయారు. పాత కస్టమర్లు వెంటబెట్టుకొచ్చినవాళ్ళు సగానికి పైన. మూడో రకం నేను ఊహించనిది: త్యాగరాయ గానసభలో కచేరీకి వచ్చి, టైముందని ఫోన్‌లో మ్యాప్ తెరిచి ‘దగ్గర్లో చీరలు’ అని వెతికి వచ్చినవాళ్ళు. ఆ మ్యాప్‌లో మా కొట్టు ఫోటో కూడా సరిగ్గా లేదు, షట్టర్ దించి ఉన్న ఫోటో! ఆ ఒక్క ఫోటో మార్చడానికి నేను ఏడాది ఆలస్యం చేశాను.

మీ గీత ఏం చెబుతుందో నాకు తెలియదు. మీ పేజీ నిజంగానే మనుషుల్ని తెస్తూ ఉండవచ్చు. అది తేలకముందు 18 వేలు ఎవరి చేతిలోనైనా పెట్టడమంటే కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించినట్టే.

ఇక ‘రోజూ మారిపోతోంది’ అన్నారే, అందులో నిజమెంతో చూద్దాం. 2016లో ఇన్‌స్టాగ్రామ్ పోస్టుల వరస మారింది. అంతకుముందు ఎవరు ఎప్పుడు పెడితే ఆ క్రమంలో కనిపించేవి, తర్వాత ఎవరికి ఏది నచ్చుతుందో అదే లెక్కగట్టి చూపించడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే స్టోరీలు వచ్చాయి. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించింది. పది రోజులు తిరక్కుండా ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను మన దేశంలోనే మొదలుపెట్టింది. 2025 జనవరిలో ప్రొఫైల్‌లో చదరపు గళ్ళు పోయి నిలువు గళ్ళు వచ్చాయి. దాంతో పాత ఫోటోల్లో అంచుల దాకా రాసుకున్న అక్షరాలు చాలామందికి తెగిపోయాయి. ఇవి కాక ఇంకో రెండో మూడో ఉంటాయి. పదేళ్ళలో మీలాంటి దుకాణానికి నిజంగా తగిలిన మార్పులు ఇంతే. మిగతావి బటన్ ఇక్కడి నుంచి అక్కడికి జరగడాలు, పేర్లు మారడాలు.

మరి రాత్రి ఒంటిగంటకు ఆ వీడియోల వాళ్ళు రోజుకో కొత్త సంగతి ఎలా చెబుతున్నారు? వాళ్ళ వ్యాపారమే అది. మీరు బ్లౌజులు అమ్మినట్టు వాళ్ళు కోర్సులు అమ్ముతారు, మీ టెన్షనే వాళ్ళకు గిరాకీ. ఏదీ మారలేదని చెబితే వాళ్ళ వీడియో ఎవరు చూస్తారు? ఏం మారిందో తెలుసుకోవాలనిపిస్తే ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడం మొస్సెరి తన ఖాతాలోనే చిన్న చిన్న వీడియోల్లో చెబుతుంటాడు. నెలకోసారి మీ అక్క కొడుకును అవి చూసి, మనకు పనికొచ్చేది ఉంటే తెలుగులో చెప్పమనండి. అరగంట పని. హ్యాష్‌ట్యాగుల గొడవ కూడా అక్కడే తేలిపోతుంది. అవి పెట్టినంత మాత్రాన ఎక్కువ మందికి చేరదని ఆయన చాలాసార్లు చెప్పాడు. రెండో మూడో పెట్టి వదిలేయండి: ఊరి పేరు, పని పేరు.

వ్యూస్ తగ్గాయని బాధపడ్డారు. రీల్ పెట్టగానే ముందు కొద్దిమందికి చూపిస్తారు, వాళ్ళు ఆగి చూస్తే ఇంకొంతమందికి, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. 2020లో రీల్స్ చేసే దుకాణాలు తక్కువ, ఇప్పుడు కిరాణా కొట్టు కూడా చేస్తోంది. కాబట్టి సంఖ్య తగ్గడంలో మీ తప్పు వెతక్కండి. అయినా ఆ మూడు వందల మంది ఎవరు? వాళ్ళు మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న ఆడవాళ్ళయితే, మూడు వందల మందితో ఒక ఫంక్షన్ హాలు నిండుతుంది. పేజీలో ఇన్‌సైట్స్ అని ఉంటుంది, అందులో చూసినవాళ్ళది ఏ ఊరో తెలుస్తుంది. గల్లీ చివర బొటిక్ వాళ్ళ నలభై వేలలో ఎంతమంది కొలతలివ్వడానికి బండి మీద రాగలరో మీకూ నాకూ తెలియదు. వాళ్ళు కొరియర్‌లో పంపే వ్యాపారం చేస్తుంటే అది వేరే పని, వేరే లెక్క. (కొలత బ్లౌజు పంపితే చాలంటారు గానీ, ఆల్టరేషన్‌కు వెనక్కి వచ్చే పార్శిళ్ళ గురించి ఏ రీల్‌లోనూ చెప్పరు.)

2025 జనవరిలోనే మొస్సెరి ఇంకో మాట చెప్పాడు. ఒక రీల్‌ను ముందుకు తోసేవాటిలో ముఖ్యమైనవి మూడట: ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. మీకు పనికొచ్చేది మూడోది. ‘అక్కా, ఇది చూడు’ అని ఒకరు ఇంకొకరికి ఏది పంపుతారో ఆలోచించండి. స్లో మోషన్‌లో తిరిగే బొమ్మను పంపరు. వెనక మెడ మీద నెమలి పని దగ్గరగా చూపించి, ‘ఇది రెండు రోజుల చేతి పని, చేతులకు మాత్రమే అయితే ఇంత, మెడతో కలిపి ఇంత’ అని మీ గొంతుతో చెబితే పంపుతారు. కంచిపట్టు చీరకు కట్ దానా గాజుపూసల పని ఎందుకు నప్పదో, బరువైన జర్దోసి (జరీ తీగల పని) వేస్తే లైనింగ్ ఏది పెట్టాలో, మగ్గం పని పక్కన కుట్టు కోసం ఎంత గుడ్డ వదలాలో, ఏడాది తర్వాత బ్లౌజు వదులు చేసుకోవాలంటే ముందే ఏం అడగాలో చెప్పండి. మీ నోట్లో రోజూ నానే మాటలే ఇవి. పదకొండేళ్ళ అనుభవం ఉంది మీకు. కొత్త బొటిక్‌కు అది కొన్నా దొరకదు.

ధర రాయండి. ‘ప్రైస్ ప్లీజ్’ అని కింద ఇరవై మంది అడిగితే, ‘మెసేజ్ చేయండి’ అని ఇరవైసార్లు రాసే పద్ధతి నాకు నచ్చదు. మనవాళ్ళు ధర కనబడకపోతే ‘మనకు అందదులే’ అనుకుని వెళ్ళిపోతారు. పక్క దుకాణం వాళ్ళు చూస్తారని భయమా? వాళ్ళు ఎవరో ఒకరిని పంపి ఎప్పుడో కనుక్కునే ఉంటారు.

ఫోటోలు, వీడియోలు మీ దుకాణంలో కుట్టినవే ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన డిజైన్ పెడితే, ఆ ఫోటో పట్టుకొని వచ్చి అచ్చం ఇలాగే కావాలని కూర్చుంటారు. ఏఐతో చేసిన బ్లౌజు బొమ్మలకూ ఇదే గతి. అందులో దారం ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో మీ కారీగర్‌కు కూడా అర్థం కాదు. ఏఐని రాతకోతలకు వాడుకోండి, హిందీలో ఇంగ్లీషులో అడిగేవాళ్ళకు మర్యాదగా జవాబు రాయడానికి బాగా పనికొస్తుంది. పెళ్ళికూతుళ్ళ ఫోటోలు పెట్టేముందు మాత్రం అడగండి, వాట్సాప్‌లో ‘సరే’ అనిపించుకోండి. ఒక ఫోటో కోసం అత్తవారింట్లో మాట పడిందంటే ఆ ఇంటి నుంచి మీకు ఇంకో బ్లౌజు రాదు.

పాటల సంగతి మీవాడికి చెప్పండి. అకౌంట్ బిజినెస్‌ది అయితే సినిమా పాటలు చాలావరకు దొరకవు, వ్యాపారానికి వాడుకునే హక్కులు వేరు కాబట్టి. దొడ్డిదారిన పెడితే రీల్ మూగబోతుంది, లేదంటే తీసేస్తారు. మగ్గం మీద సూది గుడ్డలోంచి టక్కున దిగే చప్పుడు ఉంది కదా, ఫోన్ దగ్గరగా పెట్టి అది రికార్డు చేయమనండి.

ఇప్పుడు మ్యాప్. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు. ఉచితం. పేరు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు పెట్టి, బోర్డు, షట్టర్, లోపల మగ్గం కనిపించేలా వీడియో తీసి పంపమంటే పంపాలి, అలా అది మీదేనని నిర్ధారించుకుంటారు. పండగకు మూసే రోజులు కూడా అందులో పెట్టండి, ఎండలో వచ్చి మూసిన షట్టర్ చూసిన మనిషి రివ్యూలో ఏం రాస్తుందో చెప్పక్కర్లేదు. మీ కార్డు మీద ఇంకా ‘పండ్ల మార్కెట్ దగ్గర’ అని ఉంటే మార్చండి. మార్కెట్ బాటసింగారం పోయింది, కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ గుర్తు తెలియదు. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ నుంచి ఎలా రావాలో రాయండి. డెలివరీ ఇచ్చేటప్పుడు, బ్లౌజు వేసుకుని అద్దంలో చూసుకుని నవ్విన ఆ నిమిషంలో, రివ్యూ రాయమని అడగండి. రివ్యూ రాస్తే ఫాల్, పికో ఫ్రీ అనకండి, బహుమతి ఇచ్చి రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కడితే మీ దుకాణాన్ని పైన చూపిస్తాం’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. దుకాణం పేరు మ్యాప్‌లో పెట్టినందుకు గూగుల్ డబ్బు తీసుకోదు.

వాట్సాప్ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. నాకు అదే వింతగా ఉంది. మీ పాత కస్టమర్లందరూ అందులోనే ఉన్నారు కదా! టిక్‌టాక్ ఆగిపోయిన రోజున నాకు తెలిసిన ఒకావిడ, ఫ్యాన్సీ నగల వ్యాపారం, తెల్లారేసరికి తన వేల మంది ఫాలోవర్లను పోగొట్టుకుంది. ఒక్కరి ఫోన్ నంబరు కూడా రాసుకోలేదు. మీ దగ్గర కొలతల పుస్తకంలో పదకొండేళ్ళ నంబర్లున్నాయి. వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకుని కేటలాగ్‌లో పాతిక డిజైన్లు ధరలతో పెట్టండి. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. స్టేటస్ కూడా అంతే. అందుకని కొలతలు తీసుకునేటప్పుడే ‘నా నంబరు సేవ్ చేసుకోండమ్మా, ట్రయల్ రెడీ అయితే చెబుతా’ అనండి. గ్రూపులు పెట్టి అడక్కుండా అందరినీ లాగకండి. నెలకు రెండు మెసేజ్‌లు దాటితే మీ నంబరు మ్యూట్‌లో పడుతుంది.

ఏజెన్సీ గురించి నా చేదు అనుభవం చెబుతాను. కొట్టు మూసేయడానికి రెండేళ్ళ ముందు ఒకరికి పేజీ అప్పగించాను. వాళ్ళు కొత్తగా ఒక పేజీని తమ మెయిల్ ఐడీతో, తమ ఫోన్ నంబరుతో తెరిచారు. నేను అడగలేదు, నాకు తెలియదు. తొమ్మిది నెలల తర్వాత మానేస్తామంటే పేజీ మాదేనన్నారు. ఫోటోలు నావి, చీరలు నావి, తాళం వాళ్ళది! కొత్త పేజీ పెట్టి మళ్ళీ మొదటి నుంచి నడిచాను. మీరు ఎప్పుడైనా ఎవరినైనా పెట్టుకుంటే పేజీ, యాడ్స్ ఖాతా, గూగుల్ ప్రొఫైల్ మూడూ మీ నంబరు మీద, మీ మెయిల్ మీద ఉండాలి. వాళ్ళకు పని చేసుకునేంత అనుమతి ఇస్తే చాలు. నెలాఖరున వ్యూస్ లెక్క కాకుండా, ఎంతమంది ఫోన్ చేశారో, ఎంతమంది మెసేజ్ పెట్టారో అడగండి. నెలకు 18 వేలంటే మీకు ఎన్ని బ్లౌజుల లాభమో మీరే లెక్క వేసుకోండి.

యాడ్స్ కొద్దిగా ప్రయత్నించవచ్చు. పెళ్ళిళ్ళ ముందు, దుకాణం చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్లే ఎంచుకుని, నొక్కితే నేరుగా మీ వాట్సాప్ తెరుచుకునే యాడ్ ఒకటి, వారం రోజులు. పెట్టే డబ్బు మీద 18 శాతం జీఎస్‌టీ కూడా పడుతుందని గుర్తుంచుకోండి. వచ్చిన మెసేజ్‌లలో కొలతలిచ్చినవాళ్ళెందరో మళ్ళీ ఆ గడిలోనే రాయండి.

కోర్సు సంగతి: అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ వేలాడే ఆ కోర్సుల బోర్డులు ఉద్యోగం వెతుక్కునే పిల్లల కోసం. వాళ్ళకు పనికొస్తుందేమో. మూడు నెలలు రోజుకు రెండు గంటలు మీరు అక్కడ కూర్చుంటే ఇక్కడ కటింగ్ మాస్టర్ పక్కన ఎవరుంటారు?

అయినా నేర్చుకోవాలనే మీ కోరిక మంచిదే, దానికి వేళ పంచాంగంలోనే ఉంది. ముహూర్తాలున్న నెలల్లో కొత్త యాప్, కొత్త పద్ధతి ఏదీ మొదలుపెట్టకండి, ఉన్నదాన్నే నడపండి. ఆషాఢం, మూఢం రోజుల్లో పని పల్చబడుతుంది కదా, అప్పుడు కూర్చోండి. బోనాల సందడిలో ఒక పూట తీసి, శ్రావణానికి పెట్టాల్సిన వీడియోలు పది పన్నెండు ఒకేసారి తీసుకోండి. వరలక్ష్మీ వ్రతం బ్లౌజుల కోసం వెతికేవాళ్ళు ఆషాఢం సగం నుంచే చూడటం మొదలుపెడతారు. దసరాకు, కార్తీక మాసపు పెళ్ళిళ్ళకూ ఇలాగే ఒక నెల ముందు. వారానికి రెండు చాలు. రోజుకో రీల్ అని మొదలుపెట్టి మూడో వారానికి అలసిపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఒక భద్రత మాట. ‘మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో మూసేస్తాం, ఈ లింక్ నొక్కండి’ అని మెసేజ్ వస్తుంది. చూడటానికి కంపెనీ పంపినట్టే ఉంటుంది. నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే పేజీ పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే రెండో తాళం లాంటి అదనపు కోడ్, ఈ రోజే పెట్టించండి. డబ్బు పోయినట్టయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చివరగా మీ అక్క కొడుకు. వాడికి నెలకు ఎంతో కొంత చేతిలో పెట్టండి, జీతమని చెప్పి పెట్టండి. ఊరికే చేయించుకుంటే ఇంటర్ పరీక్షలు రాగానే పేజీ ఆగిపోతుంది, మీరూ గట్టిగా అడగలేరు. పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాయించి బీరువాలో పెట్టుకోండి. వాడు ఇంజనీరింగ్‌కు వేరే ఊరు వెళ్ళేలోపు రీల్ ఎలా పెట్టాలో మీ కారీగర్లలో చిన్నవాడికి నేర్పించమనండి. రోజంతా మగ్గం ముందు కూర్చునేది అతనే, ఏ కుట్టు వేస్తున్నప్పుడు ఫోన్ తీయాలో అతనికే బాగా తెలుస్తుంది.